బేడలు ఉడకని నీళ్ళు

నేను సముద్రం ఒడ్డున ఆరేళ్ళు పెరిగాను. ఆ ఆరేళ్ళలో ఒక్కనాడు కూడా ఆ నీళ్ళలో కాలు పెట్టలేదు. ఈ మాట మా తమ్ముడి పిల్లలు నమ్మరు. హార్స్‌లీ కొండ మీద చిరుతపులికి నేను జోలపాట పాడి పండబెట్టానంటే నమ్ముతారు. గుట్ట ఎక్కలేక మొరాయించిన బొగ్గుబస్సుకు మా నాయన సూదిమందు పొడిచి నడిపించాడంటే, ఎక్కడ పొడిచాడని అడుగుతారే తప్ప పొడిచాడా అని అడగరు. మొన్న ఎండాకాలం సెలవుల్లో వాళ్ళను మద్రాసు తీసుకుపోయాను. పిల్లలు అలల్లోకి పరుగెత్తారు. నేను చెప్పులు కూడా విప్పకుండా పొడి ఇసుకలో, శెనక్కాయలమ్మే ఆమె పక్కన చతికిలబడ్డాను. "అత్తా, పులికి భయపడనిదానివి నీళ్ళకు భయపడతావా?" అంటూ చిన్నది వచ్చి నా మణికట్టు పట్టుకొని లాగింది. నవ్వుతూనే లాగింది పాపం. నా గుండె ఎందుకు జారిందో దానికేం తెలుసు? ఇంటికి వచ్చి వారమైనా ఆ పట్టు నా చేతి మీద నుంచి పోలేదు. అందుకే ఇది రాస్తున్నాను. నా కథలకు అలవాటు పడినవాళ్ళు ఇందులో చిరుతపులి ఎప్పుడొస్తుందా అని ఎదురు చూడొద్దు. రాదు.

యుద్ధం అప్పుడే ముగిసింది. మా నాయన దేవదానప్ప మదనపల్లెలో మిషన్ ఆస్పత్రిలో డ్రెస్సరు, అంటే పుళ్ళు కడిగి కట్లు కట్టేవాడు. ఆస్పత్రి వెనక గోడను ఆనుకొని ఉన్న ఒంటిగది ఇళ్ళ వరసలో చివరిది మాది. అందులో నాయన, అమ్మ, తొమ్మిదేళ్ళ నేను, నాలుగేళ్ళ చెల్లెలు దీవెన, ఇంకా నడవని తమ్ముడు సామేలు. మా ఇంట్లో సంగటి ముద్దకు కూడా కార్బాలిక్ సబ్బు వాసనే. సాయంత్రమైతే నాయన, ఆస్పత్రిలో ఉడకబెట్టి ఆరేసిన కట్టుగుడ్డలు మోపుగా తెచ్చి చాప మీద వేసేవాడు. అందరం చుట్టూ కూర్చొని వాటిని చుట్టలు చుట్టాలి. ఎంత ఉడకబెట్టినా కొన్నిటి మీద లేత గోధుమరంగు మరకలు ఉండేవి. ఇది ఎవరి కాలిదో, ఇది ఎవరి తలదో అని నేను కథలు చెబుతూ ఉంటే దీవెన వాటిని ముట్టుకోకుండా ఏడ్చేది. "వదులుగా చుడితే ఇప్పేటప్పుడు పుండు ఏడుస్తాది" అని నాయన నా చుట్టలు విప్పి మళ్ళీ చుట్టేవాడు. ఆయనకు ఒక కీర్తనలో మొదటి పంక్తి మాత్రమే నోటికి వచ్చు. అదే మోపు అయ్యేవరకూ పాడేవాడు. రెండో పంక్తి ఏమిటో అని మేము చిన్నతనమంతా కాచుకొని ఉన్నాం.

యుద్ధం రోజుల్లో అదనంగా వేసిన మంచాలు ఒక్కొక్కటే ఎత్తేస్తూ వచ్చారు. మంచాలతో పాటు మనుషుల ఉద్యోగాలు కూడా పోతాయని అందరికీ తెలుసు. రెండేళ్ళుగా వానల్లేవు, బావుల్లో బురద తప్ప ఏమీ లేదు. అట్లాంటి ఒక సాయంత్రం నాయన కట్టుగుడ్డల మోపుతో పాటు రెండు జాబులు తెచ్చాడు. మా డాక్టరు దొరసాని ఎవరెవరికో రాసి తెప్పించినవి. ఒకటి మలయా దేశంలో సముద్రం ఒడ్డున కొబ్బరితోటల మధ్య ఉన్న దవాఖానాకు. ఇంకొకటి సిలోనులో, అంటే ఇప్పటి శ్రీలంకలో, అదీ సముద్రం ఒడ్డే, మిషన్ వాళ్ళ చిన్న ఆస్పత్రికి. రెండు చోట్లా ఇల్లిస్తారు, బియ్యమిస్తారు, పిల్లలకు బడి ఉంది.

"వచ్చే నెలాఖరుకు యాదో ఒకటి సెప్పాలంట" అన్నాడు నాయన.

"సముద్రం లేని ఊర్లో పనే ల్యాదంటనా?" అంది అమ్మ.

మా అమ్మ సుగుణమ్మ కురబలకోట పిల్ల. ఆమె చూసిన పెద్ద నీళ్ళు కప్పలు అరిచే కుంటలు. మా ఇంట్లో ఉన్న పటాలంటే బైబిలు చివర ఉండేవి మాత్రమే. నాయన అందులో పౌలుగారి ప్రయాణాల పటం తీసి, సిలోను కోసం, మలయా కోసం వేలుతో వెదికాడు. ఉంటే కదా దొరకడానికి. "ఈ కాగితం అయిపోయినాక ఇంకా తూర్పుకు పోవాల" అని చాప మీద వేలు పెట్టి చూపించాడు. వేలు కట్టుగుడ్డల మోపు దాటి, పొయ్యి దాకా పోయింది. "పౌలు ఓడ ఎన్ని తూర్లు పగిలె?" అని అడిగింది అమ్మ. నాయన బైబిలు మూసేశాడు. మూడుసార్లని మా అందరికీ ఆదివారపు బడిలో నేర్పించారు మరి.

మలయా అనే పేరు మా ఇంట్లో కొత్తది కాదు. నాయన తమ్ముడు, మా చిన్నాయన, యుద్ధానికి ముందే అక్కడి కొబ్బరితోటల్లో పనికి పోయాడు. ఆయన దగ్గర నుంచి రెండు జాబులు వచ్చాయి. తర్వాత జపానువాళ్ళు వచ్చారన్నారు, జాబులు ఆగిపోయాయి. చిన్నాయన పేరు యోనా. ఆ పేరు పెట్టింది పుంగనూరులో ఉండే మా అవ్వ. "సేప మింగినా మూడు దినాల్లో బయటపడిన మొగోడని ఆ పేరు పెడితి. నా యోనా పోయి ఐదేండ్లు దాటె. ఇదేం సేపమ్మా!" అని అవ్వ పుంగనూరు చర్చి అరుగు మీద కూర్చొని వచ్చేపోయేవాళ్ళతో అనేది. మలయా జాబు సంగతి తెలిసిన మరుసటి రోజే ఆమె సద్దిమూట కట్టుకొని బస్సెక్కి మదనపల్లెకు వచ్చింది. గడపలో నిలబడే నాయనతో, "దేవుడు ఊరికే పంపించలే ఆ జాబు. పోయి నా కొడుకును ఎతుకు" అంది. నీళ్ళు కూడా తాగకుండా అదే బస్సుకు తిరిగి పోయింది.

అప్పటినుంచి అమ్మకు భయం పట్టుకుంది. ఆమె భయాన్ని మాటల్లో చెప్పేది కాదు, చేతుల్తో చేసేది. ఒక మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ గది నడుమ నిలబడి ఉంది. సామేలును పాతచీరతో వీపుకు కట్టుకుంది. ఎడమచేత్తో దీవెనను పట్టుకుంది. కుడిచేయి గాల్లోకి చాపి దేన్నో పట్టుకున్నట్టు మూసి, తెరిచి చూసుకుంటోంది.

"ఏం సేస్తాండావమ్మా?"

"ఓడ మునిగితే ఎట్లని సూస్తాండా. పిల్లోడు ఈపు మింద. ఇది ఈ సేతిలో. ఇంకో సెయ్యి పలక్కో తాడుకో కావాల గదా."

"మరి నేను?"

అమ్మ నన్ను చాలాసేపు చూసింది. "నువ్వు పెద్దదానివి. నా కొంగు పట్టుకో" అంది. పట్టుకొని చూపించమంది. పట్టుకున్నాను. మా అమ్మ చీరలు ఎంత ఉతుకు చూసినవో నాకు తెలుసు. మొన్ననే ఆ కొంగు ముళ్ళకంపకు తగిలి జానెడు చినిగింది. ఆ రోజు నుంచి నేను దండెం మీద అమ్మ చీర ఆరేసినప్పుడల్లా ఎవరూ చూడకుండా కొంగు లాగి చూసేదాన్ని. ఒక్కోసారి బాగానే నిలిచేది. ఒక్కోసారి నూలు పుటుక్కుమనేది. మిగతా పిల్లలు కలలో దయ్యాలను చూస్తారు. నేను నూలుపోగులను చూసేదాన్ని.

గడువు ఇంకా కొన్ని వారాలుండగా అమ్మ ఒక మాట అంది. "పిల్లనిచ్చేటప్పుడు ఆ ఊరి నీళ్ళు తెప్పించి బేడలు ఉడకేసి సూస్తారు గదా. ముగ్గురు బిడ్డల్ని ఇస్తాండాం. నీళ్ళు సూడకుండా ఎట్ల పోయేది?" ఇది మా పక్క ఆచారం. కొత్త ఊరికి పోవాలన్నా, పిల్లనివ్వాలన్నా, ముందు అక్కడి బావినీళ్ళు ఒక చెంబుడు తెప్పించి కందిబేడలు, అంటే కందిపప్పు, ఉడకేస్తారు. పూట లోపల మెత్తబడితే మంచి నీళ్ళు, మనుషులు బతికే ఊరు. గింజ గింజగా మిగిలితే, ఆ ఊరి పిల్లవాడు జిల్లా కలెక్టరైనా వద్దంటారు. నాయన నవ్వలేదు. అప్పుడే మా ఆస్పత్రిలో ఒకప్పుడు పని చేసిన నర్సు ఎస్తేరమ్మ, ఆ సిలోను ఆస్పత్రిలోనే ఉన్నామె, అక్క కూతురి పెళ్ళికని వస్తోందని తెలిసింది. ఆమెకు రాశాడు. మలయా నీళ్ళు తెచ్చేవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

ఎస్తేరమ్మ నిజంగానే తెచ్చింది. పెద్ద మందుసీసాలో నిండుగా పోసి, బిరడా మీద మైనం కరిగించి, గుడ్డలో చుట్టి తెచ్చింది. "మా బావి నీళ్ళక్కా. సూడు, సల్లగా ఉంటాయి" అని అమ్మ చేతిలో పెట్టి, ఆ సాయంత్రమే పెళ్ళివారి ఊరికి పోయింది. నీళ్ళు ఉదయం పూట పరీక్ష చేయాలి కాబట్టి అమ్మ సీసాను గూట్లో పెట్టి, ఆ పూట నాయనకు పని తెమలక తానే గోడవతలి ఆస్పత్రికి గుడ్డలు తేవడానికి వెళ్ళింది. సామేలు నిద్రపోతున్నాడు. గదిలో నేను, దీవెన, సిలోను.

దీవెనకు నేను అప్పటికి నెలరోజులుగా సముద్రం గురించి చెప్పి ఉన్నాను. అందులో చెంబంత కళ్ళున్న చేపలుంటాయని, చిన్నాయన ఒక చేప కడుపులో ఉండి లోపలి నుంచి డొక్కలు తడుతుంటాడని, సముద్రం పసిపిల్లల పేర్లు నేర్చుకొని సాయంత్రాలు పిలుస్తుందని. వాటిలో సగం దాన్ని భయపెట్టడానికి చెప్పాను. మిగతా సగం, చెప్పడం మొదలు పెట్టాక నాకే భయమేసి ఆపలేక చెప్పాను. "ఈ సీసాలో అల ఉంటాది సూస్తావా?" అన్నాను. మైనం గీకి, బిరడా తీసి పళ్ళెంలో కొంచెం పోశాను. దీవెన కెవ్వున అరిచి నా మోచేయి పట్టుకొని లాగింది. సీసా బోర్లా పడింది. మా మట్టినేల రెండేళ్ళుగా దప్పికతో ఉంది. నేను సీసా లేపేలోపల సిలోనంతా తాగేసింది.

తరువాత నేను చేసిన పనిని ఇప్పటికీ అర్థం చేసుకోవడానికి ప్రయత్నిస్తుంటాను. నాకు దెబ్బల భయం ఉంది, కానీ అది మాత్రమే కాదు. ఆస్పత్రి బావినీళ్ళు సీసాలో నింపాను. నింపాక చూస్తే, అవి మన నీళ్ళలాగే ఉన్నాయి. సముద్రం ఒడ్డు నీళ్ళు ఉప్పగా ఉండవా? అవి ఉప్పగా లేకుంటే అమ్మ కనిపెట్టేస్తుందనుకున్నాను. ఒడ్డున ఉండే బావిలో తియ్యని నీళ్ళుంటాయని సముద్రాన్ని చూడని తొమ్మిదేళ్ళ పిల్లకు ఎవరు చెప్పాలి? ఉప్పుజాడీలో చేయి పెట్టి రెండు గుప్పిళ్ళు తీసి సీసాలో వేసి, కరిగేదాకా కలియబెట్టాను. మైనాన్ని దీపం మీద కాచి మళ్ళీ అతికించాను. దీవెనతో, ఎవరికైనా చెబితే సముద్రం నీ పేరు నేర్చుకుంటుందని చెప్పాను. అది పాపం రెండు రోజులు మాట్లాడనే లేదు.

మరునాడు తెల్లారి అమ్మ కొత్తకుండలో బేడలు పోసింది. సీసా నీళ్ళు ఒంపి, పొయ్యి మీద పెట్టి, పక్కనే కూర్చుంది. పొద్దెక్కింది. నాయన ఆస్పత్రి నుంచి రెండుసార్లు వచ్చి చూసి పోయాడు. పక్కింటి ఆడవాళ్ళు వచ్చి కుండలోకి తొంగి చూశారు. మధ్యాహ్నానికి అమ్మ గరిటెతో నాలుగు బేడలు తీసి నాయన అరచేతిలో పోసింది. ఆయన నోట్లో వేసుకొని, కొరికి, మూతి తిప్పుకొని వాకిట్లోకి పోయి ఉమ్మేశాడు. "రాళ్ళు! ఉప్పు రాళ్ళు! ఈ నీళ్ళు తాగి బిడ్డలు బతకరు" అన్నాడు. అమ్మ కూడా ఒక బేడ నోట్లో వేసుకుంది. ఉమ్మలేదు. నెమ్మదిగా మింగింది. "అయితే సిలోను వద్దు" అంది.

నాకు అప్పుడు సంతోషం వేయాలి కదా, బయటపడ్డానని? వేయలేదు. పూటలో దాటేసే నీళ్ళున్న సిలోను పోయింది. వారాల తరబడి ఓడలో పోవలసిన మలయా మిగిలింది. ఆ కొంగు అన్ని రోజులు నిలవదు.

నాయన ఇంకా ఆలోచనలోనే ఉన్నాడు. కుప్పంలో చెంగల్రాయప్ప అనే ఆయన మలయా నుంచి ప్రాణాలతో తిరిగొచ్చాడని, స్టేషను దగ్గర గూడ్స్ షెడ్డులో పని చేస్తున్నాడని ఎవరో చెప్పారు. ఆయన్ను అడిగి తేల్చుకుందామని అందరం బయల్దేరాం. పిల్లల్ని ఎవరి దగ్గరైనా విడిచి పోదామంటే అమ్మ ఒప్పుకోలేదు. బేడలు ఉడకని రోజు నుంచి ఆమె మమ్మల్ని చేతికి అందనంత దూరం పోనిచ్చేది కాదు. బస్సు పుంగనూరులో ఆగితే అవ్వ చర్చి దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చి, కిటికీలోంచి నాయన చేయి పట్టుకుంది. "యోనాను సూసినాడేమో అడుగు. ఎడమ సెవి కింద మచ్చ ఉండాదని సెప్పు." పెద్దపంజాణి దాటిందాకా నాయన ఆ చేయి అట్లే కిటికీ మీద పెట్టుకొని కూర్చున్నాడు.

చెంగల్రాయప్ప పాతికేళ్ళవాడో యాభయ్యేళ్ళవాడో తెలిసేది కాదు. మనిషి ఎండిన తాడులా ఉన్నాడు. మాటలో అరవం కలిసేది. మాకు పీట వేసి, తాను నేల మీద కూర్చున్నాడు.

"తోట మంచిదే అప్పా. తిండికి భయం ల్యా. కూలోళ్ళు దొరికేది కష్టంగా ఉండాది గాబట్టి మర్యాదగా సూసుకుంటారు" అన్నాడు.

"సముద్రం ఎంత దూరం అన్నా ఇంటికి?" అంది అమ్మ.

"దూరమా? పోటు వస్తే మెట్టు కాడికే వస్తాది. ఇసక ఒడ్డు అనుకునేరు తల్లీ, కాదు. బురద. మొలలోతు బురద. పిల్లోళ్ళు కాలు పెడితే లాక్కుంటాది. దానికి అరుపు ల్యా, అల ల్యా. ఊరికే పట్టుకుంటాది."

అమ్మ సామేలును ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది. నాయన చిన్నాయన పేరు చెప్పాడు, తోట పేరు చెప్పాడు, ఎడమ చెవి కింద మచ్చ చెప్పాడు. చెంగల్రాయప్ప నేల మీద గీతలు గీస్తూ విన్నాడు.

"ఆ మనిషిని ఎరగను. ఆ తోట ఎరుగుదును. మా పక్కదే. ఆ కూలోళ్ళ లైనిండ్ల నుంచి వయసోళ్ళనందర్నీ లారీలెక్కించి సయాం అడివిలోకి తీసకపోయిరి, రైలు దావ ఎయ్యను. నేను ఆ పొద్దు జొరంతో పండుకొని ఉంటి, ఇడిసిపెట్టిరి. పోయినోళ్ళను లెక్కెట్టను నా వల్ల కాదప్పా. తిరిగొచ్చినోళ్ళనైతే ఈ సేతి ఏళ్ళ మింద లెక్కెట్టొచ్చు."

"వచ్చినోళ్ళలో..." అన్నాడు నాయన.

"మచ్చ సూసి గుర్తు పట్టేంత మాంసం వాళ్ళ మింద ల్యాదు."

తిరుగు బస్సు కోసం ఎండలో నిలబడ్డాం. చాలాసేపటికి నాయన ఎవరితోనో అన్నట్టుగా అన్నాడు: "ఎవురో ఒకరు ఎతకాల గదా. మలయాకే పోతాం." అమ్మ చంకలో ఉన్న సామేలును వీపుకు మార్చి కట్టుకుంది. దీవెన చేయి ఎడమచేత్తో పట్టుకుంది. కుడిచేయి ఖాళీగా వేలాడుతోంది. ఆ చేతిని చూసుకొని, తర్వాత నన్ను చూసింది. అంతే. నాకు కాళ్ళ కింద కుప్పం బస్టాండు బురద అయిపోయింది.

"నాయనా, అవి సిలోను నీళ్ళు కాదు! సిలోను నీళ్ళు నేనే పారబోస్తి! అవి మన ఆస్పత్రి నీళ్ళు, నేనే ఉప్పు ఏస్తి!"

నాయన విసుగ్గా తల తిప్పాడు. "నోరు ముయ్ రూతూ. ఈ పొద్దు కూడా కతలా?"

దేవుని తోడన్నాను. బైబిలు మీద ప్రమాణమన్నాను. అవి చిరుతపులుల విషయంలో కూడా అన్నవే, అందుకే పనికిరాలేదు. దీవెన సాక్ష్యం చెబుతుందేమోనని చూశాను. అది రెండు చేతుల్తో మూతి మూసుకుంది. బస్సు దూరంగా పొగ కక్కుకుంటూ వస్తోంది. అప్పుడు అమ్మ అంది, నాయన వైపు చూడకుండా:

"అది సెప్పేది నిజమే. నాకు ఆ పొద్దే తెలుసు."

"ఏం తెలుసు?"

"తడి సెయ్యి జాడీలో పెట్టింది. ఉప్పంతా గడ్డ కట్టి ఉన్నింది. బేడ కొరికితే మన ఉప్పే."

"మరి యాల సెప్పలే, మే?"

అమ్మ నోరు తెరిచేసరికి బస్సు వచ్చి నిలబడింది. "సిలోను ఇట్ల పోతే, మలయాకు నువ్వే భయపడి పోవనుకొంటి, రూతు నాయనా. యాడికీ పోకుండా ఈడ్నే కలో గంజో తాగి ఉంటాం అనుకొంటి. నాకు రెండే సేతులు. నేనేం సేసేది?" అని, ఆ ఖాళీ కుడిచేత్తో నా మణికట్టు పట్టుకుంది. ఎముక నొచ్చేంత గట్టిగా పట్టుకుంది. కొట్టడానికి కాదు. బస్సెక్కి పుంగనూరు చేరేదాకా వదల్లేదు. దిగాక చూసుకుంటే ఆమె నాలుగు వేళ్ళూ నా చేతి మీద ఎర్రగా అచ్చు పడి ఉన్నాయి.

పుంగనూరులో అవ్వ ముందు నాయన నిలబడ్డాడు. అవ్వ ఆయన ముఖాన్ని చదివింది. చదువు రానివాళ్ళు ముఖాలను మనకంటే త్వరగా చదువుతారు. చర్చి అరుగు మీద కాళ్ళు చాపుకొని కూర్చుంది. అమ్మ ఉప్పు సంగతి చెప్పింది. అది విన్నాక అవ్వ మామూలు గొంతుతో, "సిలోను నీళ్ళు నిజంగా ఎట్లుండాయి?" అని అడిగింది. సల్లగా ఉంటాయని ఎస్తేరమ్మ చెప్పిందన్నాడు నాయన. "ఆ ఊరు ఏ దిక్కు ఒడ్డు?" తూర్పు ఒడ్డన్నాడు. "మలయా?" దానికి ఇంకా తూర్పన్నాడు. "అంటే, ఆ నీళ్ళకు ఈ గట్టు సిలోను, ఆ గట్టు మలయా. ఒగటే సెరువు" అంది అవ్వ. నాయన అవునన్నాడు. "అయితే సిలోనుకే పో. ఉండే బిడ్డల్ని ఎత్తుకొని, లేనోన్ని ఎతకను బురదలోకి పోతారా ఎవురైనా?" అని అమ్మ వైపు తిరిగింది. "నువ్వు ఏడవద్దు సుగుణా. నీ భయం నాకు తెలుసు. నేను భయపడాల్సిన పొద్దు భయపడలే. అదే నా తప్పు."

అమ్మ ఆమె కాళ్ళ దగ్గర కూర్చుండిపోయింది. అప్పుడు అవ్వ నన్ను పిలిచింది. పక్కకు తీసుకుపోయి, ఇంకెవరికీ వినపడకుండా చెప్పింది. "వాడు సిన్నప్పుడు సేన్ల కాడ ఆడుకుంటా ఉంటే పొద్దుగూకే యాలకు గట్టు మింద నిలబడి పిలుస్తా ఉంటి. ఎంత దూరమున్నా పలికేటోడు. నువ్వు ఆ ఒడ్డున నిలబడి సందకాడ పిలువు. మీ నాయన పిలవలేడు, ఏడుస్తాడు. నీది పెద్ద గొంతు." నేను సరేనన్నాను. ఆ రోజు నేను ఎవరు ఏమడిగినా సరేననే స్థితిలో ఉన్నాను.

సిలోనులో ఎస్తేరమ్మ చెప్పిన బావి ఉంది. దాని నీళ్ళలో బేడలు ఎంత త్వరగా ఉడికాయంటే, అమ్మ మొదటి రోజు పొయ్యి ముందే కూర్చొని నవ్వింది. ఆరేళ్ళ తర్వాత నాయనకు మన పక్కనే పని దొరికి తిరిగొచ్చాం. ఇప్పుడు మా తమ్ముడు ఇల్లు కట్టాలని స్థలాలు చూస్తున్నాడు. రోడ్డెంత, బస్సెంత, బడెంత అని అడుగుతాడు. నీళ్ళ సంగతి అడిగితే కుళాయి వస్తుందిలే అక్కా అంటాడు. ఏ ఊరి నీళ్ళో, ఏ దిక్కు నుంచి వస్తాయో వాడికి తెలీదు. తెలుసుకోవలసిన అవసరమూ లేదు. వాడి పిల్లలు ఓడ మునిగితే ఎవరి చేయి ఎవరిదని ఎన్నడూ లెక్క వేసుకోలేదు. అందుకు దేవునికి స్తోత్రం. అయినా ఒక్కోసారి వాళ్ళను చూస్తే నాకు అసూయలాంటి భయమేస్తుంది. మా అమ్మ భయపడినంతగా ఈ లోకంలో ఎవరైనా వీళ్ళకోసం భయపడ్డారా అనిపిస్తుంది.

అవ్వకిచ్చిన మాట సంగతి చెప్పలేదు కదూ. సిలోనులో ప్రతి సాయంత్రం కొబ్బరిచెట్ల చివరి వరసదాకా పోయేదాన్ని. ముందర ఇసుక, ఆ తర్వాత నీళ్ళు. నోరు తెరిచేదాన్ని. చిన్నాయన పేరు నాలుక మీదికి వచ్చేది. అప్పుడు అనిపించేది, పలికితే? అంత పెద్ద నీళ్ళలో నుంచి, అన్నేళ్ళ తర్వాత, మచ్చ గుర్తుపట్టేంత మాంసం కూడా మిగలని మనిషి నిజంగానే పలికితే? నేను నోరు మూసుకొని ఇంటికి పరుగెత్తేదాన్ని. ఆరేళ్ళూ అంతే. ఒక్కసారి కూడా పిలవలేదు.

నెలనెలా నాయన అవ్వకు జాబు రాసేవాడు. అడుగున నాకు ఒక గీత విడిచిపెట్టేవాడు. నేను అందులో "అవ్వా, పిలిచినాను" అని రాసేదాన్ని. నా జీవితంలో నేను చెప్పిన అబద్ధాలలో అతి చిన్నది అదే. పుంగనూరులో పాస్టరుగారు జాబు చదివి వినిపించేవారట. అదంతా అయ్యాక, ఆ చివరి గీత మాత్రం ఇంకోసారి చదవమని అవ్వ అడిగేదట. ఆ రెండోసారి చదివేటప్పుడు ఆమె తల పక్కకు వంచి, ఊపిరి బిగబట్టి, ఆ మాట అయిపోయిన తర్వాత కూడా కాసేపు అట్లే వింటూ ఉండేదట.